గర్వం, దీనత్వం: సంఘంలో అందరికీ వచ్చే ప్రశ్నలు, సూటి జవాబులు

దీనత్వం మీద ప్రసంగం విననివాళ్ళు మన సంఘాల్లో ఉండరు. ఆరాధన అయిపోయి బయట చెప్పులు వెతుక్కునేటప్పుడు మనసులో మెదిలే ప్రశ్నలు మాత్రం ఎవరూ పైకి అడగరు, అడిగితే ఏమనుకుంటారో అని. అలాంటివే ఇక్కడ పెట్టాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మనకు దీనమైన మాటలకు కొదవ లేదు, ప్రార్థనలో అందరం ధూళే, అందరం దాసులమే. మన కుర్చీ, మన పేరు, మన మాట చేజారిపోయే నిమిషంలో ఏం చేస్తామో అక్కడే అసలు సంగతి బయటపడుతుంది.

దీనత్వం అంటే నన్ను నేను తక్కువగా అనుకోవడమా?

కాదండీ. "నేను దేనికీ పనికిరాను" అని పొద్దస్తమానం అనుకునే మనిషి పొద్దస్తమానం తన గురించే ఆలోచిస్తున్నాడు కదా. యోహాను 13వ అధ్యాయం తీయండి. యేసు శిష్యుల పాదాలు కడగడానికి లేచే ముందు యోహాను ఒక మాట రాశాడు, మనం దాన్ని గబగబా చదివి దాటేస్తాం. తండ్రి తన చేతికి సమస్తం అప్పగించాడనీ, తాను దేవుని దగ్గర నుంచి వచ్చాననీ, తిరిగి ఆయన దగ్గరికే వెళ్తున్నాననీ యేసుకు తెలుసట. అదంతా తెలిసే లేచి, పైవస్త్రం పక్కన పెట్టి, తువాలు నడుముకు కట్టుకున్నాడు. తన స్థానం మీద ఆయనకు ఏ అనుమానమూ లేదు.

అదే రాత్రి అదే బల్ల దగ్గర శిష్యులు తమలో ఎవరు గొప్ప అని వాదించుకున్నారని లూకా 22లో ఉంది. మరి వాళ్ళలో నీళ్ళ పళ్ళెం ఎవరు ముట్టుకుంటారు? ఎవరు పెద్దో ఇంకా తేలలేదు, ఇప్పుడు వంగితే తానే చిన్నవాడినని ఒప్పుకున్నట్టవుతుందని ప్రతివాడికీ భయం. గర్వం వెనక చాలాసార్లు ఇలాంటి భయమే ఉంటుందని నాకనిపిస్తుంది.

కాబట్టి మీకు పాట బాగా వస్తే "అబ్బే, నాకేం రాదండీ" అనకండి. అది అబద్ధం, పైగా ఇంకో రెండుసార్లు బతిమాలించుకోవడానికి అన్నట్టు ఉంటుంది. అడిగితే పాడండి, వేరేవాళ్ళను అడిగితే కూర్చుని వినండి.

"అంతా దేవుని కృపే, నాదేం లేదు" అని ఎప్పుడూ అంటూనే ఉంటాను. అది చాలదా?

లూకా 18లో యేసు చెప్పిన కథలో పరిసయ్యుడి (ధర్మశాస్త్రాన్ని పట్టుదలగా పాటించే యూదుడు) ప్రార్థన ఎలా మొదలైందో గమనించారా? పక్కనే ఒక సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, కూడా ప్రార్థిస్తున్నాడు. "దేవా, నీకు కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచున్నాను" అని! చూడటానికి ఘనత దేవునికే ఇచ్చాడు. వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదన అంతటిలో పదియవ వంతు, రెండూ మంచి పనులే, అబద్ధం చెబుతున్నాడని కూడా యేసు అనలేదు. తేడా కొట్టింది మధ్యలో దూర్చిన ఒక్క ముక్క దగ్గర, "ఈ సుంకరివలెనైనను ఉండనందుకు" అన్న దగ్గర. పక్కవాణ్ణి కొలబద్దగా పెట్టుకుంటే తప్ప అతనికి దేవుని కృప కనిపించలేదు.

"దేవునికే మహిమ" అని రాసి కింద మన కొత్త కారు ఫొటో పెట్టినప్పుడు మనమూ ఒకసారి ఆగి చూసుకోవాలి. రాయకూడదని అనడం లేదు. ఆ పోస్టుకు లైకులు తక్కువ వస్తే బాధ ఎవరికి కలిగింది, దేవుడికా మనకా అని చూసుకుంటే చాలు.

నాకు డబ్బూ లేదు, పదవీ లేదు. నాకు గర్వం ఎక్కడి నుంచి వస్తుంది?

లేనిదాని మీద కూడా గర్వపడగలం, మనిషికి ఆ సామర్థ్యం ఉంది! ఆస్తి లేనివాడు భక్తి మీద గర్వపడతాడు, భక్తి కూడా లేకపోతే "నేను వేషాలు వేసేవాణ్ణి కాదు, ఉన్నదున్నట్టు మాట్లాడతాను" అని తన నోటి మీద గర్వపడతాడు. నలభై రోజుల ఉపవాసం, తెల్లవారుజామున మూడింటి ప్రార్థన, నగలు పెట్టుకోకపోవడం, టీవీ లేకపోవడం... ఇవన్నీ మంచి ఉద్దేశంతో మొదలై పక్కింటివాళ్ళను కొలిచే టేపుగా మారిపోవడం ఎన్ని ఇళ్ళలో చూడలేదు.

గుర్తుపట్టడానికి నాకు తెలిసిన గట్టి ఆనవాలు ఒకటుంది, ఎవరైనా తప్పు చూపిస్తే వచ్చే కోపం. ఉజ్జియా రాజు కథ చదవండి, 2 దినవృత్తాంతములు 26. పదహారేళ్ళకు రాజై 52 ఏళ్ళు పాలించాడు. గోపురాలు కట్టించాడు, బావులు తవ్వించాడు, వ్యవసాయమంటే అతనికి ఇష్టమని కూడా రాసి ఉంది, మంచి రాజు. బలపడ్డాక మనసు పొంగి, యాజకులు మాత్రమే చేయాల్సిన ధూపం తానే వేస్తానని దేవాలయంలోకి వెళ్ళాడు. యాజకుడైన అజర్యా, అతనితో ఎనభైమంది యాజకులు వెంటవెళ్ళి "ఇది నీ పని కాదు రాజా, బయటికి వెళ్ళు" అన్నారు. కుష్ఠం ఎప్పుడు పుట్టిందో జాగ్రత్తగా చూడండి: గుమ్మం దాటినప్పుడు కాదు, ధూపార్తి చేతిలో పట్టుకుని యాజకుల మీద మండిపడినప్పుడు. అప్పటికీ వెనక్కి తిరిగే అవకాశం ఉన్నట్టే నాకు అనిపిస్తుంది. "సరే, తప్పయింది" అని బయటికి నడిచి ఉంటే ఆ అధ్యాయం ఇంకోలా ముగిసేదేమో.

మరి మంచి ర్యాంకు వచ్చినా, వీసా వచ్చినా సాక్ష్యం చెప్పకూడదా?

చెప్పండి, సంతోషించడం గర్వం కాదు. పౌలు కొరింథీయులను అడిగిన ప్రశ్న, "నీకు కలిగిన వాటిలో పరునివలన నీవు పొందనిది ఏది?" అన్నది, మనసులో ఉంచుకుని చెప్పండి. కోచింగ్ ఫీజుకు అప్పు ఇచ్చిన మేనమామ, రాత్రిళ్ళు మేలుకున్న అమ్మ, లెక్కలు చెప్పిన మాస్టారు, వీళ్ళ పేర్లు సాక్ష్యంలో వస్తున్నాయా? దేవుణ్ణీ తమనూ తప్ప మధ్యలో ఎవరినీ చెప్పని సాక్ష్యాలు వింటుంటే నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఇంకో సంగతి, అదే ఆదివారం అదే పరీక్ష తప్పిన అమ్మాయి మూడో వరసలో కూర్చుని ఉండొచ్చు. "ప్రార్థించాను కాబట్టి వచ్చింది" అనే ముందు ఆ పిల్ల కూడా ప్రార్థించిందని గుర్తు తెచ్చుకోండి.

అన్నట్టు, గొప్పలు చెప్పుకోక తప్పని పరిస్థితి వస్తే పౌలు ఏం చెప్పుకున్నాడో తెలుసా? దమస్కులో గోడ మీద నుంచి గంపలో పెట్టి తనను దించారని (2 కొరింథీ 11). ఆ తర్వాత మూడవ ఆకాశానికి కొనిపోబడిన సంగతి చెప్పాడు కానీ అది 14 ఏళ్ళ నాటిది, అదీ "ఒక మనుష్యుని ఎరుగుదును" అని వేరే ఎవరి గురించో అన్నట్టు. ఇప్పుడైతే పొద్దున దర్శనం, సాయంత్రానికి యూట్యూబ్‌లో థంబ్‌నెయిల్.

కులం సంగతి మాట్లాడకుండా దీనత్వం గురించి మాట్లాడొచ్చా?

మాట్లాడొచ్చు, చాలామంది మాట్లాడుతున్నారు, దానికి విలువ లేదు. మన దగ్గర గర్వం అనేదానికి మొదటి పేరు కులమే.

ఒంగోలు సంగతి చూడండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చాడు. పై కులాలవాళ్ళు కొందరు బాగానే ఆసక్తి చూపించారు. ఇంతలో తాళ్ళకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ వ్యక్తి, ఆయన వెనక ఆయనవాళ్ళు విశ్వాసంలోకి వచ్చారు. వీళ్ళను చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్ళు తేల్చి చెప్పారు. ఆ రోజు క్లౌ, ఆయన భార్య, వేర్వేరు గదుల్లో ఉండి ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ మొదటి అధ్యాయంలోని అదే భాగం వచ్చిందని క్లౌ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. "జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు" అన్న భాగం. వాళ్ళు పేరయ్యవాళ్ళతోనే నిలబడ్డారు. 1876–78 కరువులో బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన తెలుగు సంఘ చరిత్రలో పెద్ద భాగం ఇలా కిందన కూర్చోబెట్టినవాళ్ళతో మొదలైందే.

రెండో సంగతి మిషనరీల గర్వం గురించి. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ భారతీయ పాదిరి వి.ఎస్. అజరయ్య లేచి, మీరు మా కోసం ప్రాణాలు పెట్టారు, ఆస్తులు ఇచ్చారు, కానీ మాకు ప్రేమ కావాలి, స్నేహితులను ఇవ్వండి అని ఆ పెద్దల ముఖం మీదే చెప్పాడు. సహాయం చేస్తూనే పక్కన కూర్చోనివ్వని మనస్తత్వం మీద ఆ మాట. సభలో చాలామందికి మింగుడుపడలేదు. రెండేళ్ళకే, 1912 డిసెంబరులో, ఆయన డోర్నకల్‌కు బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే.

ఇప్పుడు మన సంగతి. ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నె, బయటికొచ్చాక పెళ్ళి సంబంధం దగ్గర "క్రైస్తవులే కానీ మనవాళ్ళేనా?" అనే విచారణ. అంతియొకయలో పేతురు చేసింది ఇదే. అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, కలిసి తింటూ, యెరూషలేము నుంచి కొందరు యూదులు వచ్చేసరికి లేచి పక్కకు జరిగాడు. పౌలు దాన్ని మర్యాద తక్కువ అనలేదు, సువార్త సత్యం ప్రకారం నడవడం లేదన్నాడు, అదీ అందరి ముందే (గలతీ 2). ఏ ఇంట్లో భోజనానికి కూర్చుంటాం, పిల్లను ఎవరికిస్తాం, సమాధుల తోటలో ఎవరి పక్కన ఎవరు అన్నవాటిని వదిలేసి "నేను ప్రభువు పాదధూళిని" అంటే వినేవాళ్ళకు నవ్వొస్తుంది.

ఇంకో ముక్క కూడా చెప్పాలి. తరతరాలుగా తొక్కబడినవాళ్ళకు "తగ్గించుకోండి" అని ప్రసంగం చేసే హక్కు పై వరసలోవాళ్ళకు లేదు. ఆ ప్రసంగం వాళ్ళు తమకు తాము చేసుకోవాలి.

దీనంగా ఉంటే అందరూ తొక్కేస్తారు కదా?

కొందరు ప్రయత్నిస్తారు, నిజమే. అయితే దీనత్వం అంటే నోరు మూసుకోవడం అని ఎవరు చెప్పారు? బంట్రౌతు చెంప మీద కొట్టినప్పుడు యేసు, నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేదో చెప్పు, సరిగ్గా మాట్లాడితే ఎందుకు కొట్టావ్ అని అడిగాడు (యోహాను 18). ఫిలిప్పీలో పౌలును విచారణ లేకుండా కొట్టి, మర్నాడు గుట్టుగా వెళ్ళిపొమ్మంటే ఆయన ఒప్పుకోలేదు. మేం రోమా పౌరులం, వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్ళాలి అన్నాడు. వచ్చి బతిమాలుకున్నారు కూడా.

భర్త కొడుతుంటే "ఇంకా తగ్గించుకో అమ్మా, ప్రార్థన చెయ్" అని పంపించేసే సలహా మన సంఘాల్లో ఇంకా నడుస్తోంది. ఈ విషయంలో నాకు మెత్తగా మాట్లాడాలని లేదు. అది దీనత్వం పేరుతో దెబ్బలకు కాపలా కాయడం. గృహహింస నుంచి రక్షణకు 2005లో చట్టం వచ్చింది, 181కి ఫోన్ చేయొచ్చు, పుట్టింటికి వెళ్ళొచ్చు. తగ్గించుకోవాల్సినవాడు చెయ్యెత్తినవాడు.

పాస్టర్ గారి తప్పు చూపించడం గర్వం అవుతుందా?

ఎలా చూపిస్తున్నారు, ఎందుకు చూపిస్తున్నారు అన్నదాన్ని బట్టి. టీ కొట్టు దగ్గర చెప్పడం వేరు, ప్రవక్త నాతాను తప్పు చేసిన దావీదు రాజు దగ్గరికి వెళ్ళినట్టు నేరుగా వెళ్ళి చెప్పడం వేరు. "అభిషిక్తుని ముట్టకూడదు" అనే మాటను లెక్కల పుస్తకం అడిగిన ప్రతిసారీ అడ్డం పెడుతున్నారు కానీ, దావీదు ఆ మాట అన్నది తనను వెంటాడుతున్న సౌలు రాజును చంపనని చెప్పడానికి. చంపలేదు, సరే, గుహలోంచి బయటికొచ్చి "నువ్వు చేస్తున్నది అన్యాయం" అని సౌలుకు వినబడేలా గట్టిగానే చెప్పాడు.

మోషేకు విరోధంగా మాట్లాడిన అక్క మిర్యాముకు కుష్ఠం వచ్చిన కథతో సంఘాన్ని భయపెట్టేవాళ్ళు ఒక అధ్యాయం వెనక్కి వెళ్ళి చదవాలి. ఎల్దాదు, మేదాదు అనే ఇద్దరు పాళెంలో ప్రవచిస్తుంటే ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చి మోషేకు చెప్పాడు, పక్కనే ఉన్న యెహోషువ వాళ్ళను ఆపమన్నాడు. నా కోసం నీకు రోషమా, దేవుని ప్రజలందరూ ప్రవక్తలైతే ఎంత బాగుండు అన్నాడు మోషే (సంఖ్యాకాండము 11). భూమి మీద అందరికంటే సాత్వికుడని ఊరికే అనలేదు ఆయన్ని. తన ఊళ్ళో ఇంకో సంఘం మొదలైందని నిద్ర పట్టని కాపరులు ఈ వచనం ఫ్రేమ్ కట్టించుకోవచ్చు.

శాలువా, సన్మానం, స్టేజి మీద కుర్చీ... వద్దనాలా?

ప్రేమతో కప్పితే కప్పించుకోండి, పెనుగులాడి సీన్ చేయకండి. ఫ్లెక్సీలో ఫొటో చిన్నదైందని ఫోన్ చేసి అడిగే స్థాయికి రాకపోతే చాలు. కొనుక్కున్న గౌరవ డాక్టరేట్ల గురించి ఏం చెప్పను. పెండ్లి విందులో చివరి చోట కూర్చోమని యేసు చెప్పింది (లూకా 14) ఎవరో వచ్చి ముందుకు పిలుస్తారనే లెక్కతో కూర్చోమని కాదు. పిలవకపోయినా అక్కడే భోజనం చేయగలగాలి.

జబ్బు, నష్టం వస్తే దేవుడు నా గర్వం అణచడానికి పంపాడనుకోవాలా?

మీ గురించి మీరు దేవుణ్ణి అలా అడగొచ్చు. పౌలు తన శరీరంలో ముల్లు అని పిలిచిన బాధ గురించి, తాను అత్యధికంగా హెచ్చిపోకుండా ఇచ్చారని రాశాడు, అది తన గురించి తాను చెప్పుకున్న మాట. పక్కవాడి ఆసుపత్రి మంచం దగ్గర నిలబడి అలాంటి తీర్పు చెప్పే అధికారం మనకెవరూ ఇవ్వలేదు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపం అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి కన్నవారూ కాదు అన్నాడు యేసు. పరామర్శకు వెళ్తే పళ్ళు తీసుకెళ్ళండి, కారణాలు తీసుకెళ్ళకండి.

నాకంటే చిన్నవాళ్ళు, చదువు లేనివాళ్ళు చెబితే వినబుద్ధి కాదు. ఏం చేయాలి?

నయమాను కథ మీ కోసమే ఉంది (2 రాజులు 5). సిరియా సేనాధిపతికి కుష్ఠం బాగయ్యే దారి చెప్పింది ఎవరు? యుద్ధంలో చెరపట్టి తెచ్చిన ఒక చిన్న పిల్ల. ప్రవక్త ఎలీషా బయటికి కూడా రాకుండా యొర్దానులో ఏడుసార్లు మునగమని కబురు పంపితే అతనికి ఒళ్ళు మండింది, మా దమస్కు నదులు ఇంతకంటే మంచివి కావా అని రథాన్ని తిప్పేశాడు. అప్పుడు నచ్చజెప్పిందీ దాసులే: ప్రవక్త ఏదైనా గొప్ప పని చెబితే చేసేవారు కదా, కడుక్కోమంటే ఏమైంది? రెండుసార్లూ తన కింద ఉన్నవాళ్ళ మాట వినడం వల్లే అతను బాగుపడ్డాడు. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి, మీ టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు, సండే స్కూల్ పిల్లలు ఏదైనా చెప్పినప్పుడు ముందు పూర్తిగా చెప్పనివ్వండి.

సంఘంలో సరే, ఇంట్లో ఎలా?

ఇంట్లోనే కష్టం. బయట అందరితో "వందనాలు బ్రదర్" అని వంగే మనిషి ఇంట్లో కూర చల్లారిందని కంచం విసురుతాడు. నేను ఒకే పని సూచిస్తాను, పిల్లల ముందు అరిచిన తండ్రి పిల్లల ముందే సారీ చెప్పాలి. "నేను అరిచింది తప్పు నాన్నా" అని అక్కడితో ఆపాలి. "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెడితే ఆ సారీ లెక్కలోకి రాదు. అత్తగార్లకూ ఇదే వర్తిస్తుంది, కోడళ్ళకూ.

నేను దీనంగా ఉంటున్నానని నాకే గర్వం వస్తే?

వస్తుంది. నవ్వుకుని పక్కన పెట్టి, చేస్తున్న పని చేసుకోండి. దాన్ని తవ్వుతూ కూర్చుంటే మళ్ళీ మన గురించే ఆలోచిస్తున్నట్టు.

ఆఫీసులో అప్రైజల్ ఫారంలో నా గురించి గొప్పగా రాయాలి. ప్రమోషన్ అడగొచ్చా?

అడగొచ్చు. హైదరాబాదులో అయినా డల్లాస్‌లో అయినా ఆ ఫారం తప్పదు. శిష్యులు యాకోబు, యోహాను తన కుడిఎడమల కూర్చుంటామని అడిగినప్పుడు యేసు గొప్పవాళ్ళు కావాలనుకోవడమే పాపం అనలేదు. గొప్పవాడు కాగోరితే పరిచారకుడిగా ఉండాలని దారి చూపించాడు (మార్కు 10). మీరు చేసింది ఉన్నదున్నట్టు రాయండి, అంకెలతో సహా. తగ్గించి రాస్తే కంపెనీకి తప్పుడు సమాచారం ఇచ్చినట్టే. ఆ పనిలో మీతో రాత్రి పదకొండింటిదాకా కూర్చున్న ఇద్దరి పేర్లు కూడా అదే ఫారంలో రాయండి, వాళ్ళు మీతో పాటే ప్రమోషన్‌కు పోటీలో ఉన్నా సరే.